నోట్లో పెట్టుకునే బొమ్మ

ఈమధ్య బారసాలలకు, అన్నప్రాసనలకు వచ్చే కానుకల్లో బ్యాటరీ బొమ్మలు బాగా పెరిగాయి. మీట నొక్కితే కుక్కపిల్ల మొరుగుతుంది. కారు లైట్లు వేసుకుని, పాట పాడుకుంటూ గిరగిరా తిరుగుతుంది. చుట్టూ చేరిన పెద్దలు మురిసిపోతారు. ఆరు నెలల పాప మాత్రం కాసేపు చూసి, అమ్మ కొంగు అందుకుని నోట్లో పెట్టుకుంటుంది. ఆడాల్సిన ఆటంతా కారే ఆడేస్తోంది మరి, పాపకు చేయడానికి ఏమీ మిగల్లేదు.

మొదటి ఏడాదికి బొమ్మ కొనేవాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. దీంతో బిడ్డకు ఏం పని దొరుకుతుంది?

పుట్టిన కొత్తలో ఆ పని కళ్లది. పసికందుకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే. పాలు తాగేటప్పుడు అమ్మ ముఖం ఉండేదీ అంత దూరంలోనే. కాబట్టి మొదటి రెండు నెలలు బొమ్మల కొట్టుకు వెళ్లే అవసరమే లేదు. నలుపు తెలుపు గళ్ల గుడ్డ ఒకటి కంటికి ఆనేలా ఉంటే చాలు.

నాలుగో నెల దాటాక చేతులకు పని మొదలవుతుంది. ఒక గిలక్కాయ ఇచ్చి చూడండి. మొదట చేయి దాన్ని దాటిపోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. వేళ్లన్నీ కలిపి పిడికిట బిగిస్తుంది. అనుకోకుండా చేయి ఊగుతుంది, చప్పుడవుతుంది. బిడ్డ ఒక్కక్షణం కదలకుండా ఆగి వింటుంది. మళ్లీ ఊపుతుంది. తానే ఆ చప్పుడు చేశానని తెలుసుకోవడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత గిలక్కాయ నేరుగా నోట్లోకే. గరుకో నునుపో, గట్టిదో మెత్తదో ఆ వయసులో తేల్చి చెప్పేది నాలుకే. ఆరేడు నెలలకు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం వస్తుంది.

నోట్లోకి వెళ్లక తప్పదు కనుక అది దేంతో చేసిందన్నదే అసలు సంగతి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు ఇక్కడే అక్కరకొస్తాయి. ఎండిన అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కుతారు. తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కోసుకునే అంచు ఎక్కడా ఉండదు. మందు బిళ్లలకు, చాక్లెట్లకు మెరుపు కోసం పూసేదీ లక్క నుంచి తీసిందే. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి చెట్టు రంగులను ఆ ఊళ్లో మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లోనే దక్కింది.

కొండపల్లి బొమ్మ అందానికి సాటి లేదు గానీ పసివాడి చేతికి మాత్రం ఇవ్వకూడదు. తేలికైన తెల్లపొణికి కర్రను ముక్కలుగా చెక్కి అతికిస్తారు. ఏనుగు తొండమో అంబారీ ముక్కో ఊడి నోట్లోకి వెళ్లొచ్చు. దాని చోటు బొమ్మల కొలువు.

14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకు మినహాయింపు ఉంది. అంటే లక్క బొమ్మ మీద గుర్తు కనిపించకపోవచ్చు, పరీక్ష కొనేవాళ్లే చేసుకోవాలి. నాలుగు సెంటీమీటర్ల కంటే చిన్నది ఏదీ ఏడాదిలోపు బిడ్డకు వద్దు. తొమ్మిది, పది నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి చింతపిక్కను కూడా ఏరుకోగలరు. బొమ్మలోని బిళ్ల బ్యాటరీ మింగితే గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.

బ్యాటరీ బొమ్మలతో ఇంకో నష్టమూ ఉంది. అమెరికా పరిశోధకురాలు అనా సోసా 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 ఇళ్లలో ఆట సమయంలో మాటలు రికార్డు చేయించి, ఫలితాలను 2016లో ప్రచురించారు. బొమ్మ మోగుతున్నంతసేపు తల్లిదండ్రుల మాటలు తగ్గిపోయాయి. పుస్తకం తెరిచినప్పుడు అన్నిటికంటే ఎక్కువ మాట్లాడారు. ఈ వయసు బిడ్డకు మాటను మించిన ఆటవస్తువు లేదు. తువ్వాలు చాటున ముఖం దాచుకుని ఆడే దోబూచికి పైసా ఖర్చు లేదు. కంటికి కనిపించనిది కూడా ఉంటుందని ఎనిమిది, తొమ్మిది నెలలకు బిడ్డ గ్రహించేది ఇలాంటి ఆటలతోనే. రెండు స్టీలు గిన్నెలు, ఒక చెక్క గరిటె ఇస్తే ఉదయమంతా వంటింటి గుమ్మం దగ్గర ఆట సాగుతుంది.

గుండ్రటి వాకర్ మాత్రం ఏ ఇంటికీ వద్దు. అందులో కూర్చున్న బిడ్డ త్వరగా నడక నేర్చుకోదు సరికదా, క్షణంలో మెట్ల దాకా దొర్లుకుంటూ పోతుంది. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. అడుగులకు అరిసెలు పంచే ఇళ్లలో ఒకప్పుడు వడ్రంగి చేసిచ్చిన మూడు చక్రాల చెక్క బండి ఉండేది. బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడ్డాకే దాన్ని తోస్తుంది. పెద్దవాళ్లు పక్కనుంటే ఆ బండే మేలు.

లక్క గిలక్కాయ కొనేటప్పుడు ఏ రంగు వేశారని తప్పకుండా అడగండి. పిడిని గట్టిగా మెలితిప్పి చూడండి, ఊడితే తిరిగి ఇచ్చేయండి. ఇంటికి తెచ్చాక వేడినీళ్లలో మరిగించకండి, శానిటైజర్ పూయకండి. రెండిటికీ లక్క పాడవుతుంది. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరనిస్తే చాలు.