మరుభూమిలో చెరువు: రెండు గ్రంథముల పరామర్శ

ఎడారి పట్టణమునకు నీటిని, నీడను ఎట్లు సమకూర్పవలెను? ఈ ప్రశ్నకు నేటి పట్టణ నిర్మాతలు పటముపై సమాధానము గీయుదురు. హిందీ రచయిత అనుపమ్ మిశ్ర (1948–2016) దానిని జనుల నడవడిలో వెదకెను. 1993లో వెలువడిన ‘ఆజ్ భీ ఖరే హై తాలాబ్’, 1995 నాటి ‘రాజస్థాన్ కీ రజత్ బూందే’ అను గ్రంథములు ఆ అన్వేషణ ఫలములు.

జైసల్మేరులో సాలుసరి వర్షపాతము 20 సెంటీమీటర్లకు అటునిటు. అయినను 14వ శతాబ్దిలో నిర్మితమైన గడీసర్ చెరువు ఆ ఊరిని తరతరములు పోషించెను. మిశ్ర దృష్టిలో చెరువనగా కేవలము నీరు కాదు. నీరు పారివచ్చు నేలను మలినము చేయకుండుట, ఏటేట పూడిక తీయుట, అలుగు పారిన నీటిని దిగువ చెరువునకు అందించుట, ఇవన్నియు చెరువులోని భాగములే. గట్టుమీది మంటపములు, చెట్ల నీడ ఊరివారికి కూడలి స్థలములు. క్షేమము, సౌందర్యము వేర్వేరు పద్దులు కావని ఈ వర్ణన నిరూపించుచున్నది.

రెండవ గ్రంథములోని ‘కుయీ’ అను ఇరుకు బావి ప్రకరణము మిక్కిలి విలువ గలది. ఇసుక క్రింది జిప్సము పొర వాననీటిని అడుగున నున్న ఉప్పునీటిలో కలియనీయదు. ఇసుకలో నిలిచిన ఆ చెమ్మ బొట్టు బొట్టుగా బావిలోని కూరును. నోరు ఇరుకగుటచే ఆ కొద్ది నీరు పరచుకొని ఆవిరి కాదు. బావి ఒక కుటుంబమునదే యైనను, చెమ్మ అందరిదగుటచే క్రొత్త బావికి గ్రామము అంత సులువుగా సమ్మతింపదు. ఎడారిలో పచ్చిక బయళ్లు పరచి నీటికై దూరపు కాలువను చూచు ప్రణాళికలకు ఇంతకంటె సూటియైన విమర్శ లేదు.

ఈ వివేకము మనకు పరాయిది కాదు. కడప సీమలోని 1369 నాటి పోరుమామిళ్ల శాసనము మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను పేర్కొనెను. అందు నిర్మాణ కుశలురైన పనివాండ్ర సమూహము ఒక సాధనము. చెరువులు త్రవ్విన వృత్తులవారిని మిశ్రయు ఆదరముతో స్మరించెను. మన వడ్డెరలు పలుగు పారలతో తమిళ, కన్నడ సీమలకు తరలిన చరిత్రను ఎరిగినవారికి ఆ పుటలు ఆత్మీయములుగా తోచును.

అయినను ఒక కొరత చెప్పక తప్పదు. త్రవ్విన చేతులకు ఆ నీటిపై హక్కుండెనా? 1927లో మహారాష్ట్రమందలి మహాడ్‌లో అంబేద్కర్ నాయకత్వమున వేలాది జనులు చవదార్ చెరువు నీరు త్రాగుటకే సత్యాగ్రహము చేయవలసి వచ్చెను. గట్టు అందరిని కలుపునన్నంత మాత్రమున చాలదు. ఎవరిని దూరముంచెనో కూడ లెక్కింపవలెను. మిశ్ర ఈ ప్రశ్నపై తగినంత నిలువలేదు. అందుచే ఆయన గతము కొన్నిచోట్ల ఉన్నదానికంటె నిర్మలముగా కన్పట్టును.

ఈ దోషము గ్రంథముల సారమును హరింపదు. మిశ్ర తన రచనపై స్వామ్యమును వదలి, ఎవరైనను ముద్రించుకొనుటకు అనుమతించెను. నీటిని గూర్చిన గ్రంథమునకు అది తగిన ధర్మమే. రాజస్థానపు ‘ఖేజ్డీ’ మన జమ్మిచెట్టే. ఆ చెట్టును ఎరిగిన పాఠకులకు ఈ మరుభూమి దూరదేశము కాదు. నూతన పట్టణములను కల్పించువారు మిశ్రనుండి పొదుపును, మహాడ్ నుండి సమత్వమును గ్రహింతురేని, చెరువు నిజముగా ఊరందరిదగును.