సంఘపు వెబ్‌సైటు: తాళపుచెవి ఎవరియొద్ద?



సేద్యపు పనులు కొంచెము తెరపియిచ్చిన ఒక సాయంకాలమున, పాములపాడు వైపునున్న మా పల్లె సంఘపు పెద్ద ఒకరు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మన సంగాలన్నిటికీ కలిపి మళ్లా వెబ్‌సైటు పెడతామంటిరి కదా. వర్డ్‌ప్రెస్సు మేలా, డ్రూపలు మేలా? మా పిల్లోడు అడిగి రమ్మన్యాడు” అనిరి.

ఆయన కుమారుడు నంద్యాలలో డిగ్రీ చదువుచున్నాడు. ఆ పేర్లు వానికి తెలిసినవే. ప్రశ్న మంచిది. కాని “మళ్లా” అను మాటయొద్దనే నా మనస్సు ఆగిపోయినది. మాకు ఇంతకుముందు ఒక వెబ్‌సైటు ఉండెను. అది పోయినది. అది ఎట్లు పోయినదో మీతో చెప్పకుండ ఈ యంత్రముల మంచిచెడ్డలను విమర్శింప బూనుట న్యాయము కాదు.

మాది ఆత్మకూరు పట్టణములోని సంఘము. దానితో చేరిన పల్లె సంఘములు ఏడు: వెలుగోడు దారిని రెండు, పాములపాడు వైపు మూడు, నల్లమల అంచున రెండు. మాలోని ఒక యౌవనస్థుడు రాత్రులు మేలుకొని, ఒక్క రూపాయియు కోరక, మాకు వెబ్‌సైటు కట్టియిచ్చెను. చిరునామాను తన ఈమెయిలు పేరనే రిజిస్టరు చేయించెను. పాస్‌వర్డు అతనికి మాత్రమే తెలియును. ఇందులో అతని తప్పు లేదు. అడుగవలసిన నేను అడుగలేదు. అతనికి బెంగళూరులో ఉద్యోగము దొరకెను, ఫోను నంబరు మారెను, పాత ఈమెయిలు మరుగునపడెను. వెబ్‌సైటు చిరునామా కొనుక్కొన్న సొత్తు కాదు, ఏటేట గుత్త కట్టవలసిన చేను వంటిది. గుత్త కట్టువారు లేకపోయిరి. కొంతకాలము గడువిచ్చిన పిమ్మట అట్టి చిరునామాను ఎవరైనను తీసికొనవచ్చును, తీసికొనిరి.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక విధవరాలు తన మనుమని ఫోను తెచ్చి నాకు చూపెను. ఆమె భర్త మాయొద్ద ఉపదేశిగా పనిచేసినవాడు. ఆయన ఫోటోయు, ఆయన సేవను గూర్చి మేము వ్రాసిన నాలుగు పంక్తులును ఉండిన చోట పేకాట ప్రకటనలు, క్రికెట్టు పందెముల ప్రకటనలు ఉండెను. “మా ఆయన యాడికి పోయినాడయ్యా ఇందులోంచి?” అని ఆమె అడిగెను. ఆ నాలుగు పంక్తులకు నాయొద్ద ప్రతి లేదు.

కాబట్టి నేను ఈ యంత్రములను అందముచేతను వేగముచేతను తూచను. ఆమె అడిగిన ప్రశ్నతోనే తూచెదను.

సి.ఎం.ఎస్. అనగానే మన పెద్దలకు 1841లో బందరులో పని ఆరంభించిన మిషనరీ సొసైటీ జ్ఞాపకము వచ్చును. ఇది అది కాదు. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనగా, వెబ్‌సైటులోని మాటలను ఒక కొట్టులోను, పుటల చట్రమును వేరొక కొట్టులోను ఉంచి, చదువరి అడిగినప్పుడు రెంటిని జతపరచి చూపు ఏర్పాటు. దీని ఉపయోగమునకు ఒక్క ఉదాహరణ చాలును. 2022 ఏప్రిలు 4న మన ఆత్మకూరు కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాలోనికి వచ్చినది. పుటలన్నియు విడివిడిగా వ్రాసినవైతే ప్రతి పల్లె పుటలోను వెదకి దిద్దవలెను. రెండు మూడు తప్పక మరచిపోదుము. సి.ఎం.ఎస్.లో చిరునామాను చట్రమునందు ఉంచినయెడల ఒక చోట దిద్దగానే అన్ని చోట్ల మారును. జిల్లా పేరు ఎందుకంత ముఖ్యమందురా? నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు కలదు, అనంతపురములో ఒకటి, తెలంగాణలో వనపర్తి జిల్లాలో మరియొకటి. మా క్రిస్మసు ఆరాధనకు రాదలచిన ఒక కుటుంబము నెల్లూరు వైపు బస్సెక్కబోయిన మాట నిజము.

ఇక యంత్రముల సంగతి. వర్డ్‌ప్రెస్ 2003 మే నెలలో వెలువడినది. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు దానిని ఆరంభించిరి. అది ఉచితము, దానిని ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పంచిపెట్టవచ్చును. నేడు లోకములోని వెబ్‌సైట్లలో ఐదింట రెండు వంతులకు పైగా దానిమీద నడచుచున్నవి. మనకు కావలసిన గుణము దానికి 2010 జూనులో వచ్చిన 3.0 కూర్పుతో అబ్బినది. దానిని మల్టీసైట్ అందురు. యంత్రము ఒక్కటే, దానిమీద ప్రతి పల్లెకు తన సైటు, తన వ్రాతలు, తన బాధ్యుడు. ఒక పల్లెవారు వ్రాసినది వేరొక పల్లెవారు చెరుపజాలరు. క్రొత్త పనిముట్లను చేర్చు అధికారము సూపర్ అడ్మిన్ అనబడు ఒక్కనికే ఉండును.

దీని దోషములను దాచను. పనిముట్లు, అనగా ప్లగిన్లు, వేలకొలది దొరకును. వాటిలో కొన్ని తయారుచేసినవారే విడిచిపెట్టినవి. అట్టి పాతబడిన ప్లగినుద్వారానే దొంగలు జొరబడుదురు. ఇల్లు ఒక్కటే గనుక, జొరబడినవాడు ఎనిమిది గదులలోనికిని జొరబడును. మరియు ఒక పల్లె సంఘము వేరుపడి తన పుటలను ప్రత్యేకముగా పెట్టుకొనదలచినయెడల వ్రాతలను బయటికి తీయవచ్చును గాని, అది ఒక దినపు పని కాదు. అయినను తీయవచ్చును. ఆ “తీయవచ్చును” అనునదే నాకు ముఖ్యము.

డ్రూపల్ 2001లో బెల్జియము దేశస్థుడైన డ్రీస్ బైటార్ట్ వెలువరించినది. కట్టుదిట్టమైనది, పెద్ద విశ్వవిద్యాలయములును ప్రభుత్వములును దానిని వాడుచున్నవి. ఒకే యంత్రముమీద ఒక్కొక్క సైటుకు ఒక్కొక్క వేరు కొట్టును అమర్చవచ్చును గనుక, కాగితముమీద చూచినయెడల వర్డ్‌ప్రెస్ కంటె మేలనిపించును. కాని 2011లో వచ్చిన దాని 7వ కూర్పునకు 2025 జనవరి 5తో సంరక్షణ ముగిసినది. దానిమీద కట్టుకొన్నవారు పై మెట్టు ఎక్కుట అటుంచి, ఇంచుమించు ఇల్లంతయు తిరిగి కట్టుకొనవలసి వచ్చెను. జీతమిచ్చి నిపుణుని ఉంచుకొనగలవారికి అది చెల్లును. మా కానుకపెట్టె సంగతి మీకు తెలియనిది కాదు.

జూమ్లా 2005లో మాంబో అను దానినుండి వేరుపడినది. రెండు మూడు భాషలలో పుటలు నడుపుటకు అనుకూలమైనది. అయితే అనేక సైట్లను ఒక్క చోటనుండి నడుపు శక్తి దాని మూలములో లేదు. వేరే పనిముట్టు తగిలించవలెను. మాకు పనికిరాదు.

విక్స్ మొదలైనవి అద్దె ఇండ్ల వంటివి. గంటలో గృహప్రవేశము చేయవచ్చును. కాని ఖాళీ చేయునాడు గోడలు తీసికొని పోలేము. ఫేస్‌బుక్కు పుటకును ఇదే మాట. ఉచితముగదా అందురు. జియోసిటీస్ అను చోట లోకమంతట లక్షలాది జనులు తమ పుటలు కట్టుకొనిరి. 2009 అక్టోబరులో దాని యజమాని దానిని మూసివేసెను. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిలులో మూతపడెను. యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు. లాభము లేనిచో అంగడి కట్టివేయును. ఒక్క సంఘమే ఉండి, ఆరాధన వేళలు తెలుపుటకు మాత్రమే పుట కావలసినచో నేనును అద్దె ఇల్లే చాలునందును. భూస్థాపన రిజిస్టరును, పల్లె చరిత్రను అందులో పెట్టకుడి.

ఇంతవరకు చెప్పినది ఆ డిగ్రీ కుర్రవాడును చెప్పగలడు. నన్ను మిక్కిలి శోధించినది వేరొకటి.

ఆ పెద్దగారు వచ్చు నాటికే మేము రెండు పల్లెలతో వర్డ్‌ప్రెస్ మల్టీసైటును పరీక్షార్థము మొదలుపెట్టియుంటిమి. మనుష్యుని చేర్చునప్పుడు యంత్రము ఒక ప్రశ్న వేయును: ఇతని స్థానమేమి? కంట్రిబ్యూటర్ అయినవాడు వ్రాయవచ్చును గాని ప్రచురింపజాలడు. పైవాడు చూచి ఒప్పుకొనవలెను. ఆథర్ అయినవాడు తాను వ్రాసినది తానే ప్రచురించును. ఎడిటర్ ఆ సైటులో ఇతరుల వ్రాతలనుకూడ దిద్దును. నేను ఆలోచింపకయే పల్లె పెద్దలనందరిని కంట్రిబ్యూటర్లుగా చేర్చి, ఒప్పుకొను అధికారము నాయొద్ద ఉంచుకొంటిని. మంద కాపరికి అది తగినదే అనుకొంటిని.

మే నెలలో ఒక పల్లెలో ఒక వృద్ధురాలు నిద్రించెను. భూస్థాపన మరుసటి ఉదయమని మొదట అనుకొని, ఎండ తీవ్రతనుబట్టి ఆ సాయంకాలమే అని మార్చుకొనిరి. పల్లె పెద్ద తన ఫోనులో ఆ మార్పును వెంటనే వ్రాసెను. నేను కర్నూలులో ఒక సమావేశములో ఫోను మూసి కూర్చుంటిని. ఆ వ్రాత నా ఒప్పుదల కొరకు రాత్రివరకు పడియుండెను. “పుట చూచి రండి” అని జనులకు నేర్పినవారము మేమే. మరునాడు ప్రొద్దున రెండు ఆటోలలో వచ్చిన బంధువులు క్రొత్త మట్టిని చూచి కూలబడిరి.

నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయమును నేను ఎన్ని పర్యాయములు బోధించితినో లెక్కలేదు. మోషే ఉదయమునుండి సాయంకాలమువరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా, మామయైన యిత్రో చూచి, ఇది నీకును ప్రజలకును అలసటయని చెప్పి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను ఏర్పరచుమనెను. కఠినమైన సంగతులు మాత్రము మోషేయొద్దకు రావలెను. యిత్రో మిద్యాను యాజకుడు, బయటివాడు. ఈ యంత్రమును చేసినవారును మన సంఘమువారు కారు. అయినను వారి అధికారముల పట్టిక నన్ను అడిగినది యిత్రో మోషేను అడిగిన ప్రశ్ననే.

పల్లె పెద్దలను ఆథర్లుగా మార్చితిమి. ఆరాధన వేళలు, మరణ వార్తలు, పెండ్లి ప్రకటనలు, కోతకాలపు పండుగ సంగతులు వారే ప్రచురింతురు. ప్రసంగములును, కానుకల లెక్కలును మాత్రము కమిటీ చూచిన తరువాతనే వెలువడును. “అట్లయిన ఎవడేమి వ్రాయునో!” అని పట్టణపు సభ్యులు కొందరు సణిగిరి. వారి భయము వట్టిది కాలేదు. ఒక పెద్ద తన పల్లె పుటలో ఒక నాయకుని జన్మదినపు ఫ్లెక్సీ బొమ్మను పెట్టెను. నేను ఫోనులో మాటలాడితిని, ఆయనే తీసివేసెను. పది నిమిషముల పని. పైగా వర్డ్‌ప్రెస్ ప్రతి వ్రాతయొక్క పాత కూర్పులను దాచియుంచును. చెరిపినదానిని తిరిగి తేవచ్చును. ఫ్లెక్సీని తీసివేయగలిగితిమి. ఆ బంధువులకు ఆ సాయంకాలమును తిరిగి ఇయ్యలేకపోతిమి.

తెలుగు అక్షరముల విషయములో ఒక మనవి. మన కరపత్రములు పెక్కు అను ఫాంట్లలో కూర్చబడుచున్నవి. అచ్చుకు అవి చక్కనివే. కాని ఆ కూర్పును యథాతథముగా వెబ్‌సైటులో అతికించినచో చదువరి ఫోనులో గజిబిజి ఇంగ్లీషు గుర్తులు కనబడును. అందుకని కరపత్రమును ఫోటో తీసి పెట్టుచున్నారు. ఫోటోలోని మాటను వెదకువారికి దొరకుట కష్టము, పల్లె ఫోనులో ఆలస్యముగా తెరచుకొనును. 1991నాటి మొదటి కూర్పునుండి తెలుగునకు యూనికోడులో స్థానము కలదు. అందులో వ్రాసినదానిని ఫోను పైకి చదివి వినిపింపగలదు. మన తల్లులలో చదువురానివారు ఎందరో మీకు తెలియును. ఏ యంత్రమును ఎన్నుకొన్నను యూనికోడులోనే టైపు చేయుడి.

బాప్తిస్మపు పట్టికలను, పిల్లల ఫోటోలను పెట్టుట మానితిమి. 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పిల్లల వివరములకు తలిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. చట్టము లేకున్నను, పేరు బయటపడుటవలన మన ఇండ్లలో ఎవరెవరికి ఏ చిక్కులు వచ్చునో మీరెరుగుదురు.

ఇక తాళపుచెవి. యిర్మీయా అనాతోతులో పొలము కొన్నప్పుడు, ముద్రవేసిన పత్రమును, ముద్రలేని పత్రమును రెంటిని మంటికుండలో పెట్టించెను, బహు దినములు ఉండునట్లు. మా చిరునామా ఇప్పుడు సంఘపు పేరను, సంఘపు ఈమెయిలు పేరను ఉన్నది. సూపర్ అడ్మినులు ఇద్దరు: నేను ఒకడను, కోశాధికారి మరియొకరు, నాకు బదిలీ అయినయెడల నా స్థానమున వచ్చు అయ్యగారు. గుత్త గడువు తేదీ కమిటీ మినిట్సు పుస్తకములో వ్రాయబడినది. నెలకొకసారి పుటలన్నిటి ప్రతి తీసి రెండు పెన్‌డ్రైవులలో ఉంచుదుము. ఒకటి కోశాధికారి ఇంట ఉండును. రెండవది, పాస్‌వర్డుల కవరుతో కూడ, సంస్కారపు పాత్రలుంచు ట్రంకు పెట్టెలో ఉండును.

పెద్దగారితో వర్డ్‌ప్రెస్ అని చెప్పి పంపితిని. ఆయన కుమారుడు సెలవులలో వచ్చి మూడవ పల్లె సైటును తెరచెను. ఆ విధవరాలిది ఆ పల్లెయే. ఆమె చెప్పుచుండగా అతడు టైపు చేసెను. ఆమె చెప్పిన సంవత్సరమునకును మా రిజిస్టరులోని సంవత్సరమునకును రెండేండ్ల తేడా కనబడినది. రిజిస్టరు వ్రాసిన గుమాస్తా పొరబడెనో, ఆమె మరచెనో తెలిసికొనుటకు ఆ కాలపు కానుకల పుస్తకమును వెదకుచున్నాము.