అన్నదమ్ముల అమరిక

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ పనితనమంతా నాకు ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల అమరికలో కనిపిస్తుంది. బలవంతుడొకడు వచ్చి అన్నీ చక్కబెట్టాలని జనం ఎందుకు కోరుకుంటారో ఇంత దయగా, ఇంత నిక్కచ్చిగా చూపిన తెలుగు నవల మరొకటి నేను చదవలేదు.

ఉన్నవది గుంటూరు జిల్లా వేములూరుపాడు. పల్నాటి అటవీ సత్యాగ్రహంలో పట్టుబడి, రాయవెల్లూరు జైల్లో ఈ నవల రాశారు. 1922లో వెలువడిన ఈ పుస్తకాన్ని తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది.

నవలలో రామదాసు కొడుకులైన ఈ ఇద్దరూ చూసింది ఒకే అన్యాయం. తమ్ముడు సంగదాసు కూలీలను కూడగడతాడు. అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో కలవారి సొత్తు దోచి లేనివారికి పంచుతాడు. తమ్ముడి వెంట నడవాలంటే ప్రతి ఇల్లూ తన పూట కూలి వదులుకోవాలి, పక్కింటిని నమ్మాలి, ఓపిక పట్టాలి. అన్న దారిలో జనం చేయాల్సిందేమీ లేదు, చేయి చాస్తే చాలు. పైగా భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు చనిపోతాడు. ఆ చావు చూశాక జగ్గణ్ణి ఇష్టపడవద్దని ఆ పల్లెవాళ్ళకు చెప్పడానికి నాకు నోరు రాదు. అదే ఉన్నవ నేర్పు. మనల్ని ముందు ఆ జనంలో నిలబెట్టి, ఆ తర్వాతే ఆలోచించమంటారు. జగ్గణ్ణి ఎక్కడా వెక్కిరించరు. అతని ధైర్యానికి, త్యాగానికి దక్కాల్సిన గౌరవమంతా ఇస్తారు. అయినా నవలకు రెండో పేరు ‘సంగవిజయం’. గెలుపు చనిపోయిన తమ్ముడిదని అట్ట మీదే తేల్చేశారు.

ఈ అమరిక తెలిస్తే మన గుంటూరు మిరప, పత్తి పొలాల రాజకీయం కూడా కొంత అర్థమవుతుంది. 1977 ఎన్నికల్లో ఉత్తరాది ఇందిరాగాంధీ ఎమర్జెన్సీని ఓడించింది. ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఎమర్జెన్సీ నాటి హోంమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి నరసరావుపేటలో గెలిచారు. ఉత్తరాదిని వణికించిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇక్కడ అంతగా తాకలేదు. ఇక్కడి కూలి విన్నది వెట్టిచాకిరీ రద్దు, ఇళ్ళ స్థలాలు, అప్పుల వసూలుకు అడ్డుకట్ట. ఊళ్ళో ఆసామి మాటే చట్టమైనవాడికి, ఆ ఆసామిని అదిలించగల చేయి ఢిల్లీలో ఉందంటే, దాని మీద ఆశ పుట్టదా? జైళ్ళలో ఎవరున్నారో, పత్రికల నోరు ఎవరు నొక్కారో అతనిదాకా రానే లేదు.

1978లో బ్రహ్మానందరెడ్డి ఇందిర నుంచి విడిపోయి వేరు కాంగ్రెస్‌తో అసెంబ్లీ ఎన్నికలకు వచ్చారు. జనం ఇందిర పార్టీకి 294లో 175 స్థానాలిచ్చారు. ఇంటి మనిషి ఓడి, దూరపు చేయి గెలిచింది. ఆ ఓటర్లను అమాయకులని కొట్టిపారేసేవాళ్ళు ఒకసారి ‘మాలపల్లి’ చదవాలి. జగ్గడి కోసం ఎదురుచూసిన ఇళ్ళలోకి వెళ్ళి, సంగదాసు వాళ్ళను ఏమడిగాడో చూడాలి.