వాన అక్కర్లేని పొలం

మన పత్రికల్లో నవలల్ని విమర్శిస్తారు, సినిమాల్ని విమర్శిస్తారు, ఆఖరికి వంటల పుస్తకాల్ని కూడా వదలరు. కంప్యూటర్లో ఆడే ఆటల్ని మాత్రం ఎవరూ విమర్శించరు, తిడతారు, అంతే. పిల్లలు ఆడితే చెడిపోతున్నారంటారు. ఆడవాళ్ళు ఆడితే "పనీపాటా లేదు కాబోలు" అంటారు. నేను ఇరవై ఏళ్ళకి పైగా యీ ఆటలు ఆడుతున్నదాన్ని. తిట్టటానికైనా మెచ్చుకోవటానికైనా ముందు వస్తువుని సరిగ్గా చూడాలి కదా! అందుకని ఒక పాత ఆటని, నవలని చూసినట్టే చూద్దామనుకుంటున్నాను. దాని పేరు ఫార్మ్‌విల్.

మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. 2009 జూన్‌లో అమెరికాలోని జింగా అనే కంపెనీ దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఏడాది తిరక్కుండానే నెలకి 8 కోట్ల మందికి పైగా ఆడారు. ఆట చాలా సులువు. ఒక చిన్న పొలం ముక్క ఇస్తారు. దున్నాలి, విత్తాలి, పంట చేతికొచ్చాక కోయాలి. వచ్చిన నాణేలతో మళ్ళీ విత్తనాలు కొనుక్కోవాలి.

అంతకుముందు పేరున్న ఆటల్లో మనకేం వుండేది? 1985లో వచ్చిన మారియోలో రాజకుమారి కోటలో కూర్చుని ఎదురుచూస్తూ వుంటుంది. దూకేదీ, పరుగెత్తేదీ, గెలిచేదీ అతనే. ఫార్మ్‌విల్‌లో ఎవర్నీ చంపక్కర్లేదు, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. అన్నం వార్చి వచ్చి నాలుగు సాళ్ళు విత్తి వెళ్ళచ్చు. ఇంటి పని మధ్యలో ఇమిడే ఆట అది. ఆడవాళ్ళు అంతమంది దాన్ని ఇష్టపడటంలో వింతేమీ లేదు.

ఇక దాని కథలోకి వద్దాం. ఆటకీ కథ వుంటుంది. అది చెప్పకుండా చెప్పే మాట ఒకటి వుంటుంది. ఫార్మ్‌విల్‌లో స్ట్రాబెర్రీ వేయాలంటే దుక్కికి 15 నాణేలు, విత్తనానికి 10. నాలుగు గంటల్లో పంట, చేతికి 35. పది నాణేలు మిగులు. ఎన్నిసార్లు వేసినా అంతే. కోట్లమంది ఒకే రోజున స్ట్రాబెర్రీ వేసినా ధర పైసా తగ్గదు! వాన కురవాల్సిన పని లేదు, బావి ఎండదు, తెగులు రాదు. పంట పోవటానికి ఒక్కటే కారణం, మీరు సమయానికి రాకపోవటం. కోతకొచ్చిన పంటని చూసుకోకపోతే వాడిపోతుంది.

నాది రాచర్ల. గిద్దలూరు పక్కన, నల్లమల నీడలో వున్న మెట్ట ప్రాంతం. కంది, సజ్జ వేసి ఆకాశం వైపు చూడటమే మా వైపు వ్యవసాయం. మా చిన్నతనంలో రాత్రి కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు లేచి మోటారు వేసేవాళ్ళు. బోరు వేయిస్తే నీళ్ళు పడతాయో, దుమ్ము లేస్తుందో దేవుడికే తెలియాలి. మా వూళ్ళో పంట పోయిందంటే రైతు సమయానికి రాలేదని ఎవరూ అనరు. రాత్రింబవళ్ళు చేలోనే వున్నవాడి పంటా పోతుంది. బాగా పండితే ధర పోతుంది.

అందుకే ఆ ఆట చెప్పే మాట నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. కష్టపడితే ఫలితం ఖాయం, ఫలితం రాలేదంటే నీ అశ్రద్ధే అంటుంది. పట్నంలో కూర్చుని ఆడినవాళ్ళకి అది తియ్యటి మాట. మెట్ట రైతుకి మాత్రం అది నింద. ఆటలో కరువు పెట్టమని నేను అడగటం లేదు. కరువు చూడాలంటే మాకు కంప్యూటర్ ఎందుకు? ఆట అన్నాక కొంత కల వుంటుంది, వుండాలి కూడా. కానీ కలకి వ్యవసాయం అని పేరు పెట్టినప్పుడు, అందులో వాన ఎక్కడుందని అడిగే హక్కు మాకుంటుంది.

ఇక ఇరుగుపొరుగు సంగతి. ఆ ఆటలో నిజంగా మెచ్చుకోవాల్సింది అదే. మీ పొలం పక్కన స్నేహితుల పొలాలు వుండేవి. వెళ్ళి వాళ్ళ చేలో కాకుల్ని తోలచ్చు, పైరుకి ఎరువు వేయచ్చు. నా పక్క పొలం డల్లాస్‌లో వున్న స్నేహితురాలిది, ఆ పక్కది హైదరాబాదులో మా వదినది. పెళ్ళిళ్ళయ్యాక చెట్టుకొకరూ పుట్టకొకరూ అయిపోయినవాళ్ళం, పొద్దున్నే ఒకరి గట్టు మీద ఒకరం కనిపించేవాళ్ళం. ఉత్తరాలు పోయాక అంత తీరికగా కలుసుకున్నది అక్కడే.

అయితే అక్కడా ఒక మెలిక వుంది. పొలం పెద్దది కావాలంటే ఇంతమంది ఇరుగుపొరుగు వుండాలని లెక్క పెట్టారు. లేనివాళ్ళు అసలు డబ్బే ఖర్చు పెట్టుకోవాలి. దాంతో ముఖపరిచయం లేనివాళ్ళని కూడా "కాస్త చేరండి" అని బతిమాలుకోవటం మొదలైంది. మా వూళ్ళో బదులు పనికి పోతారు. ఇవాళ నా చేలో కలుపు తీసినామె చేలో రేపు నేను కలుపు తీయాలి. అక్కడ నాకు గుర్తుండేది ఆమె ముఖం. ఆటలో గుర్తుండేది అంకె. స్నేహాన్ని నాణెంగా మార్చటం అంటే ఇదే. ఇవాళ వస్తున్న ఆటలు చాలావరకు యీ విద్యనే ఇంకా పదునుపెట్టుకున్నాయి.

2020 డిసెంబరు 31న ఆ ఆట మూతపడింది. దాన్ని నడిపించే ఫ్లాష్ అనే సాధనాన్ని ఆ రోజుతో ఆపేశారు. ఆ పేరుతో తర్వాతి భాగాలున్నాయి గానీ, మనం దున్నిన పొలం మాత్రం లేదు. నలభై ఏళ్ళ నాటి మారియోని పాత పెట్టె దొరికితే ఇవాళా ఆడచ్చు. 1952లో కేంబ్రిడ్జిలో డగ్లస్ అనే ఆయన కంప్యూటర్ మీద ఆడించిన తొలి ఆటల్లో ఒకటి సున్నాలూ ఇంటూల ఆట. దాన్ని మా మార్కాపురం పలక మీద బలపంతో ఎప్పుడైనా ఆడుకోవచ్చు. పదకొండేళ్ళు కోట్లమంది దున్నిన పొలం మాత్రం ఒక్క రాత్రిలో లేకుండా పోయింది. మా నేల ఎండుతుంది, బీడు పడుతుంది, అయినా పట్టా మా పేరునే వుంటుంది. అక్కడ మనమంతా కౌలుదార్లం కూడా కాదు!

మొత్తం మీద నా తీర్పు ఇది. వ్యవసాయం గురించి ఫార్మ్‌విల్ చెప్పింది అబద్ధం. ఇరుగుపొరుగు గురించి చెప్పింది సగం నిజం. ఆ సగం నిజం కోసం దాన్ని మంచి ఆటల్లోనే వేస్తాను. నా గట్టు చుట్టూ చేరిన నలభై మందిలో, ఆట పోయాక కూడా ఫోన్లు చేసుకునేవాళ్ళం నలుగురం మిగిలాం. మా వైపు లెక్కలో, నలభై గింజలు చల్లితే నాలుగు మొలవటం మరీ చెడ్డ ఏడాదేం కాదు.