కిరణాలు వరాలిస్తాయా? – ఒక బొమ్మల కథపై విమర్శ

చాంద్రాయణగుట్టలో నేను పాఠం చెప్పే తొమ్మిదవ తరగతిలో, ఒకనాడు గంట కొట్టిన తరువాత ఒక విద్యార్థి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడినాడు. అతని చేతిలో ఒక ఇంగ్లీషు బొమ్మల కథల పుస్తకం ఉన్నది. ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట మీద పరచిన పాత పుస్తకాలలో అతని అన్న దానిని కొన్నాడట. పిల్లవాడు అందులో ఒక పుట తీసి చూపించినాడు. ఒళ్లంతా ఆకుపచ్చగా ఉన్న ఒక స్థూలకాయుడు ఆ బొమ్మలో ఉన్నాడు.

"సార్, మా నాయనమ్మకు దవాఖానల కరెంటు పెడుతున్నరు. గీ బొమ్మల మనిషి లెక్క ఆమెకెల్లి గూడ కిరణాలొస్తయా? పక్కల పండుకోవద్దని మా చిన్నమ్మ అంటున్నది" అని అడిగినాడు.

రాచపుండుకు, అనగా కాన్సరుకు, కిరణాలతో చేసే చికిత్సను మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారని పాఠకులకు తెలిసినదే. ఆ పిల్లవాడు అడిగినది బొమ్మల కథను గురించి కాదు, తన నాయనమ్మను గురించి. కాబట్టి ఆ కథను నవ్వి తోసివేయకుండా శ్రద్ధగా పరిశీలించవలసి వచ్చినది.

ఆ ఆకుపచ్చ మనిషి పేరు 'రేడియోయాక్టివ్ మాన్'. మన భాషలో రేడియో ధార్మిక మానవుడు అనవచ్చును. అమెరికాలోని మార్వెల్ సంస్థ ప్రచురించిన 'జర్నీ ఇంటు మిస్టరీ' 93వ సంచికలో, 1963 జూన్‌లో, అతడు మొదటిసారి కనిపించినాడు. స్టాన్ లీ, రాబర్ట్ బెర్న్‌స్టీన్ కథ కూర్చగా జాక్ కిర్బీ బొమ్మలు వేసినాడు. ఈ కథకు మన దేశంతో సంబంధం ఉండడం విశేషం. 1962 అక్టోబరు, నవంబరు నెలలలో భారత చైనాల మధ్య సరిహద్దు యుద్ధం జరిగినది గదా. ఆ వార్తల వేడి చల్లారకముందే ఈ కథ వచ్చినది. ఇందులో థోర్ అనే దేవవీరుడు మన సరిహద్దులో చైనా సేనను అడ్డగిస్తాడు. అతనిని జయించే ఆయుధం కావాలని చైనా పాలకులు కోరగా, చెన్ లూ అనే పరమాణు శాస్త్రజ్ఞుడు తన శరీరానికి కిరణాలను మొదట కొద్దికొద్దిగా అలవాటు చేసి, చివరకు ఒక్కమారుగా పెద్ద మోతాదు తగిలించుకొంటాడు. అప్పటినుంచి అతని ఒళ్లే కిరణాల పుట్ట అవుతుంది. అతడు న్యూయార్కుకు వచ్చి థోర్‌ను కనికట్టు వంటి వశీకరణంతో లొంగదీస్తాడు. చివరకు థోర్ సుడిగాలి పుట్టించి అతనిని తిరిగి చైనాకు విసరివేస్తాడు.

ఇది అబద్ధపు కథ కాబట్టి చెడ్డదని అనడం విమర్శ కాదు. మన పురాణాలలోని రాక్షసులు కూడ ఏండ్ల తరబడి తపస్సు చేసి, శరీరాన్ని శోషింపజేసుకొని, వరాలు పొందినవారే. హిరణ్యకశిపుని వరంలో ఎంత బలమున్నదో అంత లోపమూ ఉన్నది. ఆ లోపంలోనుంచే నరసింహుడు పుట్టినాడు. చెన్ లూ ప్రయోగశాల కూడ అట్టి తపోవనమే. అయితే అతని వరంలో నుంచి అతని పతనం పుట్టదు. ఎక్కడినుంచో సుడిగాలి వచ్చి కథను ముగిస్తుంది. కథగా ఇది మొదటి లోపం. రెండవ లోపం శాస్త్రానికి సంబంధించినది: కిరణాలు వరాలు ఇస్తాయని ఈ కథ నమ్మిస్తున్నది. అందులోని మూడు సంగతులను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది, అలవాటు. కొద్దికొద్దిగా విషం తినిపించి పెంచిన విషకన్య కథ మనమందరం విన్నదే. చెన్ లూ విషకన్యకు తమ్ముడు. నిజానికి కిరణాలను కొద్దికొద్దిగా స్వీకరించినవారు చరిత్రలో ఉన్నారు. 1917 ప్రాంతం నుంచి అమెరికాలో గడియారాల అంకెలకు రేడియం కలిపిన రంగు పూసే యువతులు, కుంచె మొన సన్నగా రావడానికి దానిని పెదవులతో తడిపేవారు. రేడియం వారి ఎముకలలో చేరినది. దవడలు కుళ్లి, రక్తం క్షీణించి అనేకులు మరణించినారు. రేడియంను కనుగొన్న మేరీ క్యూరీ కూడ 1934లో రక్తక్షయ వ్యాధితోనే కన్నుమూసినది. శరీరం చిన్న గాయాలను కొంతవరకు మరమ్మతు చేసుకొంటుంది. ఆ మాట నిజమే. కాని కిరణాలకు అలవాటుపడి ఉక్కుగా మారదు. చెన్ లూ ఒంటి ఆకుపచ్చ రంగు కూడ ఆ గడియారాలనే గుర్తు చేస్తుంది. ఆ రంగులో మెరిసినది రేడియం కాదు, దానితో కలిపిన జింకు సల్ఫైడు. కిరణాలు తాకినపుడు ఆ పదార్థం ఆకుపచ్చగా వెలుగుతుంది. కిరణాలకు మాత్రం ఏ రంగూ లేదు.

రెండవది, బలం. ఇక్కడ విద్యార్థులు పలకా బలపం తీసుకోవచ్చును. ఒళ్లంతటికీ ఒక్కమారుగా తగిలి, వైద్యం అందకపోతే సుమారు సగంమందిని చంపగల మోతాదు 4 గ్రేలని అనుకొందాము. గ్రే అనగా కిలోగ్రాము శరీరానికి ఒక జౌలు శక్తి. 70 కిలోగ్రాముల మనిషికి ఇది మొత్తం 280 జౌళ్లు. ఈ శక్తితో అదే మనిషిని ఎంత ఎత్తుకు లేపవచ్చును? 280ని 70తోను, 9.8తోను భాగించితే 0.4 మీటరు వస్తుంది. అనగా రెండు మెట్లు. వేడిగా చూస్తే, ఒంటి ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యోవంతు మాత్రమే పెరుగుతుంది. మన చార్మినారు దగ్గర ఇరానీ హోటల్లో పొగలు కక్కే చాయ్ అర చెంచా తాగితే ఒంట్లో చేరే వేడి దీనికంటె ఎక్కువ!

మరి మనిషి ఎందుకు చనిపోతాడు? కిరణాలు దెబ్బ కొట్టేది బలంతో కాదు, చోటు ఎంచుకొన్నట్లుగా సూక్ష్మ భాగాలను తెంచడం వల్ల. మగ్గం మీద పడుగు పోగులు తెంచడానికి భీమబలం అక్కరలేదు. బట్ట మాత్రం చెడిపోతుంది. అట్లే జీవకణంలోని డి.ఎన్.ఎ. పోగులు తెగితే కణం సరిగా విభజన చెందలేదు. ఎముకల మూలుగలోను, పేగులలోను కణాలు ఎడతెగక పుట్టుతూ ఉండాలి గనుక ముందుగా చెడేవి అవే. కిరణాల నుంచి పర్వతాలను కదిలించే బలం వస్తుందని చెప్పడం, పోగులు తెంపిన కత్తెర పట్టుచీర నేసినదని చెప్పడం వంటిది.

మూడవది, ఆ పిల్లవాడు అడిగిన సంగతి. కిరణాలు తగిలిన శరీరం తానే కిరణాలను వెదజల్లుతుందా? దీపం వెలుగులో కూర్చున్నంత మాత్రాన మనం దీపం కాము. యంత్రం నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు, కోబాల్టు నుంచి వచ్చే గామా కిరణాలు రోగి ఒంటిలో తమ పని చేసి ముగిసిపోతాయి. గదిలోనుంచి బయటికి వచ్చిన రోగి పక్కన పడుకొన్నవారికి ఏ కిరణమూ తగలదు. అయితే రేడియో ధార్మిక పదార్థాన్నే శరీరంలోకి పంపే చికిత్సలు వేరే ఉన్నవి. థైరాయిడ్ జబ్బుకు అయోడిను 131 తాగించినపుడు కొన్ని రోజులు దూరంగా ఉండుమని వైద్యులే చెబుతారు. ఏ చికిత్స అయినదీ వైద్యుని అడిగి తెలుసుకోవాలి గాని బొమ్మల పుస్తకాన్ని గాని, ఇరుగుపొరుగును గాని అడిగి కాదు.

ఇంకొక మాట కూడ చెప్పవలసి ఉన్నది. ఇదే సంస్థ 1962 మే నెలలో హల్క్ కథను ప్రారంభించినది. అందులో అమెరికా సైన్యానికి గామా బాంబు తయారుచేసే శాస్త్రజ్ఞుడు బ్రూస్ బానర్, ప్రయోగ స్థలంలోకి వచ్చిన ఒక కుర్రవానిని కాపాడబోయి కిరణాల పాలవుతాడు. అతడు మన జాలికి పాత్రుడు. చైనా శాస్త్రజ్ఞుడు మాత్రం దుష్టుడు! ఈ కథ వచ్చేనాటికి చైనా ఒక్క అణ్వస్త్రమూ పేల్చలేదు. దాని తొలి ప్రయోగం 1964 అక్టోబరు 16న జరిగినది. అప్పటికి అమెరికా, రష్యాలు వందలకొద్దీ పేల్చి ఉన్నవి. కిరణాలకు దేశభక్తి లేదు. ఎవరి బాంబు ధూళి అయినా పాలలో పడవలసినదే, పిల్లల ఎముకలలో చేరవలసినదే. మన పక్షాన యుద్ధం చేసినట్లు కనబడుతున్నది గదా అని మనం సంతోషించి ఊరుకోకూడదు. ఈ కథలో భారతదేశం ఒక రణరంగం మాత్రమే.

అయితే అసలైన ప్రతినాయకుడు ఎక్కడ ఉన్నాడు? 1987 సెప్టెంబరులో బ్రెజిల్ దేశపు గొయానియా నగరంలో, విడిచిపెట్టిన ఒక చికిత్సాలయం నుంచి ఇద్దరు మనుషులు ఒక యంత్రభాగాన్ని ఎత్తుకొనిపోయి పాత ఇనుము దుకాణానికి అమ్మినారు. అందులోని సీసియం 137 పొడి చీకటిలో నీలంగా వెలిగినది. అది ఏదో మహిమ అనుకొని బంధుమిత్రులకు పంచినారు. ఆరేండ్ల బాలిక ఆ పొడిని ఒంటికి పూసుకొన్నది. ఆమెతో కలిపి నలుగురు మరణించినారు. లక్షకు పైగా జనాన్ని పరీక్షించవలసి వచ్చినది. 2010లో మన ఢిల్లీ మాయాపురిలో, వేలంలో అమ్ముడైన ఒక పాత ప్రయోగశాల పరికరం తుక్కు దుకాణం చేరినది. పనివారు దానిని విప్పి కోబాల్టు 60ని బయటపెట్టినారు. అక్కడ వెలుగు లేదు, వాసన లేదు, వేడి లేదు. పలువురు ఆసుపత్రి పాలైనారు, ఒకరు మరణించినారు.

ఒకచోట వెలుగును చూసి వరమనుకొన్నారు. ఇంకొకచోట ఏమీ కనబడక ఇనుమనుకొన్నారు. బొమ్మల కథలోని రాక్షసుడు దయగలవాడు. ఆకుపచ్చగా మెరుస్తూ, తన పేరు తానే చెప్పుకొంటూ వస్తాడు. నిజమైనవాడు చెప్పిరాడు. పాతబస్తీలో కూడ తుక్కు దుకాణాలున్నవి. వాటిలో పనిచేసే పిల్లల అన్నలు మన బడులకు వస్తూనే ఉన్నారు. కాబట్టి పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తును ప్రతి విద్యార్థి గుర్తించగలగాలి. 2007లో దీనికి తోడుగా మరొక హెచ్చరిక వచ్చినది. ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి అందులో ఉంటాయి. ఈ గుర్తులున్న పెట్టెను ముట్టకూడదు, విప్పకూడదు. దూరంగా జరిగి పెద్దలకు, పోలీసులకు తెలియజేయాలి.

ఇట్టి పుస్తకాలను తరగతిలో లాగుకొని దాచిపెట్టవద్దని తోటి ఉపాధ్యాయులకు నా మనవి. ఒక పుట తెరిచి, 'ఇందులో ఎన్ని తప్పులున్నవి?' అని అడిగి చూడండి. 280 జౌళ్ల లెక్క పాఠ్యపుస్తకంలో కంటె ఆ ఆకుపచ్చ మనిషి మీద చేసినపుడు పిల్లలకు బాగా నాటుతుంది. భయానికి ముఖం తగిలించడం కథకుని పని. ఆ భయానికి కొలత చెప్పడం మన పని.

మరునాడు ఆ విద్యార్థి మళ్లీ వచ్చినాడు. వాళ్ల నాన్న దవాఖానలో అడిగి వచ్చినాడట. నాయనమ్మకు పెట్టేది బయటి యంత్రమే. "రాత్రి ఆమె పక్కలనే పండుకున్న సార్" అని చెప్పి, తన పుస్తకం తాను తీసుకొనిపోయినాడు.