దుమ్ములో పడిన నక్షత్రం

1952లో వచ్చిన ‘హై నూన్’ చివర్లో మార్షల్ విల్ కేన్ తన ఛాతీమీది నక్షత్రపు బిళ్ళను తీసి దుమ్ములో పడేసి, భార్యతో బండెక్కి ఊరు విడిచిపోతాడు. ఒక్క మాటా మాట్లాడడు. 1971 నాటి ఒక ఇంటర్వ్యూలో జాన్ వేన్ ఈ దృశ్యాన్ని తలుచుకొని, కేన్ ఆ బిళ్ళను కాలికింద వేసి తొక్కాడన్నాడు. తెరమీద అలాంటిదేమీ లేదు. అంత అమెరికా వ్యతిరేక చిత్రాన్ని తానెన్నడూ చూడలేదన్న వేన్, తన కోపానికి తగ్గట్టు ముగింపును మార్చి గుర్తుపెట్టుకున్నాడు. (కథానాయకుడు గ్యారీ కూపర్‌కు ఈ చిత్రానికే వచ్చిన ఆస్కార్‌ను 1953లో అతని తరఫున అందుకున్నదీ వేనే.)

ఆ కోపం అకారణం కాదు. రచయిత కార్ల్ ఫోర్‌మన్ ఒకప్పటి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1951లో, చిత్రీకరణ సాగుతుండగానే, అమెరికా వ్యతిరేక కార్యకలాపాలపై విచారణ జరిపే ప్రతినిధుల సభ సంఘం అతన్ని పిలిపించింది. ఫోర్‌మన్ పాత సహచరుల పేర్లు చెప్పలేదు. తర్వాత ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. మొహం చాటేసిన మిత్రుల మాటలే సంభాషణల్లోకి వచ్చాయని అతనే చెప్పుకున్నాడు.

ఈ నేపథ్యమే సినిమాకు తాళంచెవి అనుకుంటే మాత్రం చర్చి దృశ్యం అడ్డొస్తుంది. మేయర్ హెండర్సన్ కేన్‌ను నోరారా పొగుడుతాడు. ఊరు బాగుపడింది అతనివల్లేనంటాడు. ఆ తర్వాత, వీధిలో తుపాకులు పేలితే ఉత్తరాది పెట్టుబడులు రావు గనుక వెళ్ళిపొమ్మంటాడు. ఇక్కడ సిద్ధాంతాల ఊసే లేదు. ఉన్నది పెద్దమనుషుల లెక్క. ఆ పొగడ్త వింటూ నిలబడ్డ కేన్ ముఖం అంతిమ కాల్పులకన్నా భయం పుట్టిస్తుంది. పైగా కేన్‌గా నటించిన కూపర్, 1947లో అదే సంఘం ముందు దానికి అనుకూల సాక్షిగా హాజరైనవాడు! ఇంత పరస్పర విరుద్ధమైన చేతులు కలిసి చేసిన చిత్రానికి ఒకే అర్థం కట్టబెట్టడం కష్టం.

‘హై నూన్’కు జవాబుగా హోవర్డ్ హాక్స్, వేన్ కలిసి 1959లో ‘రియో బ్రావో’ తీశారు. సినిమాగా హాయిగానే ఉంటుంది గాని, జవాబుగా తేలిపోతుంది. అందులో షెరీఫ్‌కు సాయం అడక్కుండానే అందుతుంది. అడిగినా రాని ఊరి గురించి అది మాట్లాడదు.

1989 జూన్ 4న పోలండ్‌లో ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎదిరించిన సాలిడారిటీ ఉద్యమం కూపర్ నిలువెత్తు బొమ్మతో పోస్టరు వేసింది. అతని చేతిలో తుపాకీ బదులు ఓటు కాగితం ఉంది. ఛాతీమీద, నక్షత్రానికి పైన, సాలిడారిటీ గుర్తు.