రామదాసు చెఱ – జమాఖర్చు – ఆత్మవిచారము

భక్త రామదాసు చెఱసాల కీర్తనలను నిందాస్తుతులుగా వ్యాఖ్యానించుట పరిపాటి. ఆ వ్యాఖ్య అసత్యము కాదు. కాని అసమగ్రమని మా అభిప్రాయము. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. వసూలైన సర్కారు ధనమును భద్రాచల దేవాలయమునకు వెచ్చించెనన్న అభియోగముపై తానాషా (1672–1687) అతనిని గోలకొండలో బంధించెననియు, ఆ చెఱ పండ్రెండేండ్లు సాగెననియు సంప్రదాయము. కావున ఆ కీర్తనలలో పలుకువాడు భక్తుడు మాత్రమే కాదు, లెక్క చెప్పవలసిన అధికారి కూడ.

'ఇక్ష్వాకు కులతిలక' అను ప్రసిద్ధ కీర్తనమును పరిశీలింతము. ప్రాకారము, భరతుని పచ్చల పతకము, లక్ష్మణుని ముత్యాల పతకము, సీతమ్మ చింతాకు పతకము – ఒక్కొక్క వస్తువును చెప్పి, వెంటనే దానికైన పదివేల వరహాలను కవి పేర్కొనును. ఇది స్తోత్రఫణితి కాదు; జమాఖర్చు ఫణితి. ఖర్చు చేయలేదని ఇందెచ్చటను బొంకలేదు. అయితే ఆ భారమును రామునిపై మోపి, ఈ వైభవమెవరి సొమ్మని నిలదీయును. ఆ ప్రశ్న అడిగినవానికే తగులును. ఆ సొమ్ము రాముని తండ్రిది కాదు, మామది కాదు, గోపన్నదియు కాదు. తుదకు దెబ్బల కోర్వలేక దూషించితినని మన్నింపు వేడును. ఇచ్చట కవి తన మాటకు బాధ్యత వహించెను. చేతకు ఇంకను వహింపలేదు.

చేతకు మూలమైన మనస్సును విచారించిన రచన దాశరథీ శతకము. రచనాక్రమమును బట్టి కాక, భావమును బట్టియే మేమీ పోలిక చేయుచున్నాము. పరధనమున కాశపడు తన మనస్సే దొంగ యనియు, దానిని వివేకమను త్రాళ్ళతో స్వామి పాదములకు కట్టివేయుమనియు ఒక పద్యమున కవి ప్రార్థించును. కీర్తనలో చెఱనుండి రక్షణ కోరినవాడు ఇందు బంధమునే కోరుచున్నాడు. ఇట్టి ఆత్మనింద శతకములలో సామాన్యమే కదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే; కాని ధనవ్యయాభియోగమున చెఱ నెరిగిన కవి రచనగా చదివినప్పుడు ఆ సామాన్యోక్తికి విశేషార్థము కలుగుచున్నది.

రామలక్ష్మణులే వచ్చి ఆఱు లక్షల మొహరీలు చెల్లించిరని ఐతిహ్యము. ఆ కథలో పన్ను కట్టిన రైతు ప్రసక్తి లేదు. పై కీర్తనమునను లేదు. ఇది లోపమే. గుడి నిలిచినది గదా యని దానిని కప్పిపుచ్చుట విమర్శ కాదు. ఐతిహ్యము అప్పును తీర్చినది; కవిత్వము అప్పుచేసిన మనస్సును పట్టి యిచ్చినది. పరిశోధకులు రామదాసును ఐతిహ్యమునుండి గాక, ఆయన స్వయముగా ఒప్పజెప్పిన లెక్కనుండి చదువనారంభింపవలెనని మా మనవి.